అమ్మడికి అత్త రాసిన ఖర్చుల లెక్క

భీమునిపట్నం

చి. అమ్మడికి,

నువ్వు నర్సు ఉద్యోగం మానకుండానే బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటున్నావని మొన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎవరో ఒకాయన ఏడాదిలో పట్టా చేతిలో పెడతానన్నాడట. ఎంత అడిగాడురా అంటే మీ నాన్నకి తెలీదు. చదువు సంగతి చెప్పి డబ్బు సంగతి దాచావంటే, ఆ డబ్బు దగ్గర నీకే ఏదో గుచ్చుకుంటోందన్నమాట. ఉగాదికి వచ్చినప్పుడు నీ మెడ బోసిగా ఉండడం కూడా చూశాను. అప్పుడు అడగలేదు, ఇప్పుడూ అడగను.

నా చెల్లి, మీ చిన్నత్త సంగతి మన ఇంట్లో ఎవరూ ఎత్తరు. నీకు సగమే తెలుసు. నేను విశాఖ కేజీహెచ్‌లో నర్సు ట్రైనింగ్‌లో ఉన్న రోజులవి. వార్డులో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయేవి. సెలవు దొరికితే సముద్రం పక్కన ఊగుతూ పోయే బస్సెక్కి భీమిలి వచ్చి, తాత తెచ్చిన చేపల పులుసు తిని పడుకుంటే మళ్లీ తెల్లారి డ్యూటీకే లేవడం. మీ తాత అప్పటికింకా చిట్టివలస జూట్‌మిల్లులో షిఫ్టులు చేస్తున్నాడు. నా తెల్ల బట్టలు చూసి చిన్నదానికీ నర్సు కావాలని బుద్ధి పుట్టింది. దాని మార్కులకి సీటు రాలేదు. ఇంతలో పక్క రాష్ట్రంలో ఏదో స్కూలు, పాఠాలు పోస్టులో వస్తాయి, పరీక్షకి మాత్రం వెళ్తే చాలు అని పేపర్లో ప్రకటన. తాత తగరపువలస దారిలో ఉన్న స్థలం అమ్మాడు. నా స్టైపెండులో మిగిలిందీ అందులోకే పోయింది. బంగారు అక్షరాల సర్టిఫికెట్ వచ్చింది. నర్సుల కౌన్సిల్ ఆఫీసు అప్పట్లో హైదరాబాద్‌లో ఉండేది. తాత చిన్నదాన్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్తే, ఆ స్కూలు మా జాబితాలో లేదు, రిజిస్టర్ చెయ్యం అన్నారు. అంతే, ఒక్క మాట. తిరుగు రైల్లో తాత ఏమీ తినలేదని చిన్నత్త తర్వాత చెప్పింది.

చిన్నది చేసినంత బాగా డ్రెస్సింగ్ చేసేవాళ్లని నేను తక్కువమందిని చూశాను. అయినా నర్సింగ్ హోముల హాజరు పుస్తకంలో దాని పేరు ఎప్పుడూ ఆయాల వరసలోనే ఉండేది. జీతమూ అదే వరస. ఆ స్థలం ఇప్పుడు ఎంత పలుకుతుందో అనుకోవడం నేను మానేశాను.

ఆ రోజుల్లో ఒక్క పేపరు ప్రకటన. ఇప్పుడో! విశాఖ ద్వారకానగర్ సందుల్లో స్తంభానికో పట్టా వేలాడుతోంది. ఫోన్ తెరిస్తే చాలు, ఏజెంటే పలకరిస్తాడు, మేడం అంటాడు, వాయిదాల్లో కట్టమంటాడు. అటు ఆస్పత్రి వాళ్లు ఇరవై పడకలకి ఒక నర్సు పిల్లని పెట్టి, జీతం పెంచమంటే ‘డిగ్రీ ఉందా’ అంటారు. మీ నర్సు పిల్లల కసి నాకు అర్థం కాకపోలేదు. ఆ కసి మీదే వాడు బతుకుతున్నాడు.

అమ్మడూ, ఇంటర్ చదివిన పిల్ల ఇంట్లో కూర్చుని నర్సు కావడమన్నది ఎక్కడా లేదు. యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనల్లో దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడని చదువుల జాబితా ఉంది. అందులో నర్సింగ్ ఉంది. అయినా ఇన్నాళ్లూ లెక్కలోకి వచ్చినది ఇగ్నో 1994 నుంచి నడిపిన పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఒక్కటే. అది కూడా జీఎన్ఎం డిప్లొమా పూర్తిచేసి, కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి, ఆ తర్వాత కనీసం రెండేళ్లు పనిచేస్తున్న నర్సులకి. ప్రవేశ పరీక్ష రాయాలి. మూడేళ్లు పడుతుంది. పుస్తకాలు ఇంటికొస్తాయి గానీ, ప్రాక్టికల్స్‌కి వాళ్లు చెప్పిన నర్సింగ్ కాలేజీకి వెళ్లి తీరాలి. నీకు ఆ అర్హతంతా ఉంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, లేకపోతే ఫోన్లో నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

ఇక లెక్క చూడు. ఫీజు ఎంతో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసి రాసుకో. ప్రతి పేపరుకీ పరీక్ష ఫీజు వేరే. తప్పితే మళ్లీ కట్టాలి. వీటికన్నా నిన్ను కోసేది సెలవు. నీ జీతం 18,000 అనుకో, రోజుకి 600. ప్రాక్టికల్స్‌కి ఏడాదికి 40 రోజులు జీతం లేని సెలవు పెట్టాల్సి వచ్చిందనుకో, 24,000. మూడేళ్లకి 72,000. ఈ మాట ఏ కరపత్రంలోనూ ఉండదు. ఆ ప్రాక్టికల్స్ సెంటర్ విశాఖలో పడితే సిటీ బస్సుతో పోతుంది. వేరే ఊళ్లో పడితే హాస్టలు, తిండి, రాత్రి ప్రయాణాలు. చివర్లో కౌన్సిల్‌లో అదనపు అర్హత నమోదుకి మళ్లీ ఖర్చు.

ఇదంతా చూసి బెదిరిపోకు. ఉద్యోగం మానేసి రెండేళ్ల రెగ్యులర్ పోస్ట్ బేసిక్ చేస్తే పోయే జీతమే 4,32,000, ఫీజు కాక. అది కట్టగల ఇల్లు కాదు మనది. దూరవిద్య దండగ అని నేననను. గుర్తింపు ఉన్నదైతే మనలాంటి ఇంటికి అదే దారి.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. విశాఖలో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది. నువ్వే వెళ్లి ఈ ఏడు అడ్మిషన్లు ఉన్నాయా, సెంటర్ ఎక్కడ అని అడుగు. ఇగ్నో పట్టాని నమోదు చేస్తారా అని విజయవాడలోని మన రాష్ట్ర నర్సుల కౌన్సిల్‌కి ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకో. విదేశం వెళ్లే ఆలోచన మనసులో ఉంటే, ఆ దేశపు నర్సింగ్ బోర్డు దూరవిద్యని ఒప్పుకుంటుందో లేదో ఇప్పుడే తెలుసుకో, పట్టా చేతికొచ్చాక కాదు. ప్రాక్టికల్స్‌కి ఎన్ని రోజులు వదులుతారో మీ నర్సింగ్ సూపరింటెండెంట్ చేత సంతకం పెట్టించుకో. నోటి మాట నమ్మకు.

ఆ ఏజెంటు ఫోన్ ఎత్తకు. అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే రసీదు పట్టుకుని మీ నాన్నతో కలిసి వెళ్లి డబ్బు వెనక్కి అడగండి. ఇవ్వనంటే పోలీసులకి ఫిర్యాదు రాసివ్వండి. నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాడి దగ్గరుంటే డబ్బు కన్నా ముందు అవి తెచ్చుకో.

ఆదివారం డ్యూటీ దిగాక రా. జీతం స్లిప్పులు, రిజిస్ట్రేషన్ కాగితం తెచ్చుకో, కూర్చుని లెక్క రాద్దాం. ప్రవేశ పరీక్ష ఫీజు నేను కడతాను. వాడికి మాత్రం ఈ ఇంటి నుంచి ఒక్క రూపాయి వెళ్లడానికి వీల్లేదు.

ఇట్లు
మీ అత్త