తోవ హక్కు

పట్నంలో ఒకే రాత్రికి రెండు పేర్లున్నాయి. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో పన్నెండు దాటాక కుర్రాళ్ళు బయట కనపడితే దాని పేరు నైట్ లైఫ్. శాలిబండలో, తలాబ్‌కట్టలో, కాలాపత్థర్‌లో అదే గంటకు కనపడితే దాని పేరు అర్ధరాత్రి తిరుగుళ్ళు. ఉర్దూ డెస్కు మీదా తెలుగు డెస్కు మీదా కూచుని పనిచేసినవాళ్ళం కాబట్టి ఈ పేర్లు ఎట్లా పుడతాయో దగ్గర్నుంచి చూశాం. తెలుగు పేజీలో పాతబస్తీ ఏడాదికి ఒక నెల రంగుల ఫొటో. మిగతా పదకొండు నెలలు క్రైం వార్త. అదే వార్త ఉర్దూ పేజీకి వచ్చేసరికి వేధింపు అవుతుంది. ఆ గల్లీ పోరగాడు రాత్రి ఒంటిగంటకు అక్కడెందుకు కూచున్నాడన్న సంగతి మాత్రం రెండు పేజీల్లోనూ దొరకదు.

ఎందుకు కూచున్నాడో చెప్పడం పెద్ద కష్టమేం కాదు. మే నెలలో హైదరాబాద్ ఎండ నలభై రెండు, నలభై మూడు డిగ్రీలకు పోతుంది. పగలంతా కాలిన స్లాబు రాత్రంతా ఆ వేడిని ఇంట్లోకి వదుల్తుంది. రేకుల ఇల్లయితే ఇక చెప్పనక్కర్లేదు. రెండు గదుల్లో ఏడెనిమిది మంది. అమ్మీ, అబ్బా, పెళ్ళికాని ఆపా, పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న తమ్ముడు, కొత్తగా పెళ్ళయిన భాయీజాన్. ఆడవాళ్ళకూ కొత్తజంటకూ గదులు వదిలేసి మగపిల్లలు గడప దాటుతారు. గడప దాటితే చబూత్రా. షాబాదు బండలు పరిచిన ఇంటిముందరి అరుగు. మీ ఊళ్ళో వీధరుగు ఎట్లాంటిదో మా మొహల్లాలో చబూత్రా అట్లాంటిది. మా సగం ఇళ్ళకు అదే మూడో గది.

పైగా మావాళ్ళలో చాలామందికి సాయంత్రం అనేది పదకొండింటికి మొదలవుతుంది. పత్తర్‌గట్టీలో బట్టల దుకాణంలో నిలబడ్డవాడు, లాడ్‌బజార్‌లో లక్క గాజులకు రాళ్ళు అద్దినవాడు, ఆటో తిప్పినవాడు, హోటల్లో గిన్నెలు తోమినవాడు అప్పుడే ఇల్లు చేరతారు. ఆఫీసునుంచి ఆరింటికి వచ్చిన బాబు తొమ్మిదిదాకా టీవీ చూస్తే అది విశ్రాంతి. పదకొండింటికి వచ్చినవాడు ఒంటిగంటదాకా నలుగురితో మాట్లాడితే అది ఆవారాగర్దీ. రెంటికీ తేడా గడియారంలో ఉందా, మనిషిలో ఉందా?

ఇక ఆ రాత్రుల్లో ఏం జరుగుతుంది? దీపస్తంభం కింద క్యారమ్ బోర్డు. ప్లాస్టిక్ బంతితో క్రికెట్. బండి మీద తాటిముంజలు అమ్మి అమ్మి అలిసినవాడు మిగిలినవి సగం ధరకు ఇచ్చేస్తాడు. ఒక ఇరానీ చాయ్‌ని ఇద్దరు పంచుకుంటారు. పెళ్ళిళ్ళ సీజను కాబట్టి ఏదో ఒక గల్లీలోంచి మర్ఫా మోత వస్తూనే ఉంటుంది. నిజాం ఫౌజులో చేరడానికి వచ్చిన అరబ్బులూ సిద్దీలూ వెంట తెచ్చుకున్న డప్పు అది. ఇవాళ హిందూ బారాత్‌లోనూ మోగుతుంది, ఎలక్షను ఊరేగింపులోనూ మోగుతుంది. ఎక్కడన్నా దర్గా దగ్గర ఉర్సు ఉంటే ఖవ్వాలీ ఫజర్ నమాజుకు గాని ఆగదు. ఎండలు తగ్గి ఆషాఢం రాగానే లాల్‌దర్వాజా బోనాలు. ఆ రాత్రి మా పిల్లలు పోతురాజును చూడ్డానికి అదే చబూత్రాల మీద ముందే చోటు పట్టుకుంటారు.

ఇదంతా ఎవరికీ పట్టదు. రంజాన్ వస్తే మాత్రం అందరికీ పడుతుంది. చాంద్రమానం కదా, మా నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2017 నుంచి 2022 దాకా రంజాన్ వేసవిలోనే పడింది. పగలు నీళ్ళు కూడా ముట్టని ఎండ, రాత్రంతా మదీనా చౌరస్తానుంచి చార్మినార్ దాకా అంగుళం ఖాళీ లేని బజారు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాంసాహారానికి ఆ గుర్తింపు రావడం దేశంలో విశేషంగా చెప్పుకున్నారు. మంచిదే. కొండాపూర్‌నుంచి కార్లు వేసుకొచ్చి తింటున్నారు, ఫొటోలు దిగుతున్నారు. వాళ్ళమీద మాకు కోపమేం లేదు. మెహమాన్ వస్తే సంతోషించడం మా ఇళ్ళలో ఉన్న అలవాటు. మా పేచీ ఒక్కటే. రంజాన్‌లో రాత్రి రెండింటికి హలీం గిన్నె అందించిన కుర్రాడే షవ్వాల్‌లో రాత్రి పన్నెండున్నరకు అదే చోట ఊరికే నిలబడితే అనుమానితుడెట్లా అవుతాడు? మనిషి వాడే. గల్లీ అదే. మధ్యలో మారింది వాడి చేతిలో గిన్నె లేకపోవడం.

2020లో ఆ నెల కూడా లేదు. లాక్‌డౌన్‌లో రంజాన్ వచ్చింది. మసీదుల్లో తరావీహ్ లేదు, భట్టీలు రాజుకోలేదు. ఆ నెలంతా రోగాన్ని మా టోపీకి అంటగట్టి మాట్లాడిన నోళ్ళలో, అంతకుముందు ఏడాది మా హలీం తిన్న నోళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్క తీయలేం.

పోలీసులు 2015లో 'ఆపరేషన్ చబూత్రా' అన్నారు. ఆ తర్వాత ఆగుతూ, మళ్ళీ 'మిషన్' అని పేరు మార్చుకుంటూ వచ్చింది. రాత్రి అరుగులమీద కూచున్న కుర్రాళ్ళను వ్యాన్లెక్కించి తీసుకుపోవడం, తల్లిదండ్రులను పిలిపించడం, కౌన్సెలింగ్ చేసి పంపడం. పేరు చూడండి. దొంగతనం మీద కాదు, గంజాయి మీద కాదు, అరుగు మీద ఆపరేషన్! మాకు తెలిసిన ఒక పిల్లగాడు దుకాణం కట్టేసి వచ్చి, అన్నం తిని, గాలికని బయట కూచున్నాడు. తెల్లవారేదాకా స్టేషన్లో ఉంచారు. మర్నాడు దుకాణానికి ఆలస్యంగా పోతే సేటు ఆ రోజు కూలి కోశాడు. వాడి మీద ఏ కేసూ లేదు. కేసు లేకుండానే జుర్మానా పడింది.

ఇంకో మాట కూడా రాయాలి. ఆ ఆపరేషన్ చూసి మా తల్లులు చాలామంది సంతోషించారు. దాచిపెట్టి రాస్తే అబద్ధం రాసినట్టే. రాత్రి మూడింటిదాకా తలుపు గొళ్ళెం తీసిపెట్టి కూచున్న అమ్మను అడగండి. సైలెన్సర్ పీకిన బండ్ల మీద ముగ్గురేసి పోతూ చేసే రేసులు, ఖాళీ ప్లాట్లలో తెల్లపొడి, గంజాయి, చదువు మానేసిన ఇంటర్ పిల్లలు. ఇవన్నీ మా గల్లీల్లో ఉన్నాయి. 'మావాడు కాదులే' అని తప్పుకుంటే రేపు మావాడే అవుతాడు. అందుకే ఆ తల్లి భయాన్ని మేం తక్కువ చేయం. కాని తల్లి అడిగింది కొడుకును ఇంటికి పంపమని. సర్కారు ఇచ్చింది మొహల్లా మొత్తాన్నీ నేరస్తుల లెక్కన చూసే చూపు.

ఆ చూపు మాకు కొత్త కాదు. మా తరంవాళ్ళకు చిన్నప్పటి జ్ఞాపకాల్లో మొదటిది కర్ఫ్యూ. 1990 డిసెంబర్‌లో కిటికీ రెక్క సందులోంచి ఖాళీ రోడ్డును చూసిన పిల్లలం మేం. పాలకు రెండు గంటల సడలింపు. 2007 మే 18, శుక్రవారం. మండుటెండలో మక్కామసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది పోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. ఆ కేసు పేరుచెప్పి మా పిల్లలనే పట్టుకుపోయారు. వాళ్ళు కోర్టుల్లో నిర్దోషులై బయటికొచ్చాక, 2012లో ప్రభుత్వం వాళ్ళకు సత్ప్రవర్తన పత్రాలిచ్చింది. మంచివాళ్ళేనని సర్కారు ముద్ర వేసిన కాగితం! ఈ దేశంలో ఎంతమంది పౌరులు అట్లాంటి కాగితం జేబులో పెట్టుకుని తిరగాల్సి వచ్చిందో చెప్పండి. అందుకే రాత్రి బయట కూచోవడం మా పిల్లలకు కాలక్షేపమే గావచ్చు, మా పెద్దవాళ్ళకు మాత్రం కర్ఫ్యూ లేదన్న నమ్మకం.

ఇక్కడ మా పెద్దల్లోనే రెండో వర్గం లేస్తుంది. ఇషా నమాజు తర్వాత కబుర్లు ప్రవక్తకు ఇష్టం లేదు, మరి మీరు ఈ చబూత్రాలను వెనకేసుకొస్తారేమిటంటారు. నిజమే, ఆ హదీసు ఉంది. దాంతోపాటు బుఖారీలోనే ఇంకొకటి ఉంది. ప్రవక్త తన సహచరులను తోవల్లో కూచోవద్దన్నారు. వాళ్ళు, మాకు ఇంకో చోటు లేదు, మేం మాట్లాడుకునేది అక్కడేనన్నారు. ఆయన వాళ్ళ ఇబ్బంది విన్నారు. తప్పదనుకుంటే తోవకు దాని హక్కు ఇవ్వండన్నారు. ఆ హక్కేమిటని అడిగితే చెప్పారు: చూపు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాంకు బదులివ్వడం, మంచి చెప్పడం, చెడును ఆపడం. పద్నాలుగు వందల ఏళ్ళనాటి ఆ మదీనావాళ్ళ జవాబు, మా తలాబ్‌కట్ట కుర్రాడి జవాబు ఒక్కటే. ఇంకో చోటు లేదు.

ఈ 'హక్కు' అనే మాట చూడండి. తెలుగువాళ్ళు అచ్చ తెలుగనుకుని వాడే ఈ మాట అరబ్బీ 'హఖ్'. మా నోటిమీదుగానే మీ నోటికి వచ్చింది. వచ్చేటప్పుడు సగమే వచ్చినట్టుంది. తెలుగులో హక్కంటే నాకు రావలసింది. అసలు మాటలో నాకు రావలసిందీ ఉంది, నేను ఇవ్వవలసిందీ ఉంది. పొరుగువాడి హఖ్ నామీద ఉంటుంది. బాటసారి హఖ్ నామీద ఉంటుంది. తోవకు కూడా నామీద హఖ్ ఉంటుంది. ఆ లెక్కన అరుగుమీద కూచున్నవాణ్ణి అడగాల్సింది 'ఏ టైమిది, ఏ మతం, ఏ గల్లీ' అని కాదు. 'నీవల్ల ఈ తోవన పోయేవాడికి బాధ కలిగిందా' అని. పన్నెండింటికి బండి రేసు పెట్టినవాడు జవాబు చెప్పాలి. పక్కింట్లో గుండెజబ్బు ముసలాయన ఉండగా డీజే పెట్టిన పెళ్ళివాళ్ళూ చెప్పాలి. మాదాపూర్ పబ్బులోంచి తాగి కారు నడిపినవాడూ చెప్పాలి. ఊరికే గాలికి కూచున్నవాడు ఎవరికీ ఏం చెప్పనక్కర్లేదు.

ఆ హదీసులో మొదటి షరతు చూపు దించుకోవడం. అది ఎవరికోసమో వేరే చెప్పాలా? మా రాత్రిలో ఆడవాళ్ళు లేరు. రంజాన్ చివరి పదిరోజులు లాడ్‌బజార్‌లో రాత్రి రెండింటిదాకా గాజులు బేరమాడేది వాళ్ళే. నెలవంక కనపడిన చాంద్ రాత్‌నయితే తెల్లవారేదాకా మెహందీ పెట్టించుకుంటూ రోడ్డుమీదే కూచుంటారు. ఏ భాయీ ఆపడు, ఏ ఆకతాయీ దగ్గరికి రాడు. పండగ మర్నాటి రాత్రికి అదే రోడ్డు వాళ్ళకు పనికిరానిదైపోతుంది. ఒక్క రోజులో రోడ్డు చెడిపోయిందా? ఉక్కపోత మగపిల్లలకేనా? కరెంటు పోయిన రాత్రి ఆపా మేడెక్కుతుంది, లేదా తడిపిన దుపట్టా కప్పుకుని బండల నేలమీద పడుకుంటుంది. పోలీసుల దగ్గర తమ్ముడికోసం వాదించే మావాళ్ళు ఆపాకోసం ఇంట్లో ఎప్పుడు వాదిస్తారో చూడాలి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనం. 2021 అక్టోబర్‌లో 'ఏక్ శామ్ చార్మినార్ కే నామ్' అని ఆదివారం సాయంత్రాలు పెట్టారు. పోలీసు బ్యాండు వాయించింది, అంగళ్ళు వెలిశాయి. లాఠీతో వచ్చే శాఖ సన్నాయితో రావడం చూడముచ్చటగానే ఉంది. 2023 ఏప్రిల్‌లో ఏడాదికి పదివేలు ఫీజు కడితే దుకాణం ఇరవైనాలుగు గంటలూ తెరుచుకోవచ్చన్నారు. 2024 జూన్‌లో రాత్రి పదిన్నర, పదకొండుకల్లా షట్టర్లు దింపించారు. లాఠీ దెబ్బలు పడతాయని మైకులో చెప్పిన వీడియో ఊరంతా తిరిగింది. ఆగస్టులో ముఖ్యమంత్రి శాసనసభలో, మద్యం దుకాణాలు తప్ప మిగతావి ఒంటిగంటదాకా ఉండొచ్చన్నారు. సంతోషం. కాని ఈ ఉత్తర్వులన్నీ షట్టర్ గురించే. కొనేవాడికీ అమ్మేవాడికీ టైము ఇచ్చాయి. జేబులో చాయ్ డబ్బులు కూడా లేక, ఇంట్లో ఊపిరాడక బయట కూచున్నవాడికి ఏ ఉత్తర్వులోనూ ఒక్క గంట రాయలేదు.

మా గల్లీ మూలమీద పాత ఇల్లొకటి చేతులు మారింది. కొత్త యజమాని, మావాడే, చబూత్రా మీద ఎవరూ కూచోకుండా అంచు పొడవునా ఇనుప కమ్మీలు నాటించాడు. పిల్లలు అక్కణ్ణుంచి లేచి నిలబెట్టిన బండ్ల మీదికి మారారు. రోజూ ఇషా తర్వాత అక్కడ కూచునే ముసలి చాచాకు బండ్ల మీద కూచోవడం చేతకాదు. ఆయన ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని సరిగ్గా రోడ్డు నడిమధ్య వేసుకుంటున్నాడు. ఆటోలు హారన్ కొడతాయి. ఆయన తాపీగా సలాం చెప్పి, మోకాళ్ళు కొంచెం పక్కకు తిప్పుతాడు.