అద్దం పక్కన బొమ్మ

మా ఊరి బస్టాండు పక్కన కటింగ్ షాపులో అద్దం ఒకటే, బొమ్మలు ఆరు. అద్దానికి అటిద్దరు ఇటిద్దరు హీరోలు, పైన ఒక క్రికెటరు, మూలన వెంకటేశ్వరస్వామి. సంక్రాంతికోసారి హీరోలు మారతారు. స్వామి మారడు, అద్దమూ మారదు. కుర్రాళ్ళు కుర్చీ ఎక్కి, బొమ్మకేసి వేలు చూపించి ‘అట్టా కొట్టు’ అంటారు. నా వంతు వచ్చేదాకా పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఈ తంతంతా చూడటం నాకు అలవాటు.

34 ఏళ్ళు తెలుగు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. అందుకని అక్కడ కూర్చున్నప్పుడల్లా ఒక మాట గుర్తొస్తుంది. ‘ఆదర్శం’ అంటే సంస్కృతంలో ముందు అద్దమే. మనం రోజూ తల దువ్వుకునే ‘అద్దం’ కూడా ఆ మాట అరిగి అరిగి మిగిలిన రూపమే. ఒకప్పుడు ఆదర్శం ముందు నిలబడితే ఎవరి మొహం వాళ్ళకు కనిపించేదన్నమాట. ఎప్పుడు తిరగబడిందో గాని, ఇప్పుడు ఆ మాట అద్దంలోంచి లేచి పక్కనున్న బొమ్మలోకి వెళ్ళి కూర్చుంది.

బొమ్మలో ఉన్నవాడు ఆ బరువు మొయ్యాలా? పేరున్న నటుడో ఆటగాడో మంచిగా బతికి చూపించాలా, తన పని తాను చేసుకుని ఇంటికి పోతే చాలదా? ఈ ప్రశ్న నాకు టీవీ చర్చల్లో తగల్లేదు. మా కాలవ గట్టు మీద తగిలింది.

నాకు సిగరెట్ అలవాటుండేది. కాలేజీ రోజుల్లో ఒక హీరోని చూసి మొదలుపెట్టాను. పేరెందుకు, ఆయనొచ్చి నా నోట్లో పెట్టలేదు కదా. సిగరెట్ గాల్లోకి ఎగరేసి పెదాలతో అందుకోవడం వారం రోజులు సాధన చేసి సగం ప్యాకెట్టు బురదపాలు చేశాను. ఉద్యోగం వచ్చాక బడి ఛాయల్లో ముట్టుకునేవాణ్ణి కాదు. సాయంత్రం సైకిలెక్కి, తూము దాటి, గట్టు మీద చింతచెట్టు వెనక్కి పోయేవాణ్ణి. పల్లెటూళ్ళో మాస్టారంటే మూడు వీధుల మేరకు సెలబ్రిటీయే. ఒకనాడు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు గేదెల్ని తోలుకుంటూ అటుగా వచ్చాడు. చూశాడు. నమస్కారం పెట్టి తల వంచుకుని పోయాడు. మర్నాడు క్లాసులో వాడు మామూలుగానే ఉన్నాడు. వాడి మొహం చూడలేకపోయింది నేనే.

చాలాకాలం నాతో నేను వాదించుకున్నాను. సర్కారు నాకు జీతమిచ్చేది సంధులు, సమాసాలు చెప్పడానికి. నా ఊపిరితిత్తులు నావి. వాదన గట్టిదే. అంత గట్టిదైతే మరి చింతచెట్టు వెనక్కెందుకు పోవడం?

ఇదే వాదన 1993లో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు చార్లెస్ బార్క్‌లీ టీవీలో చేశాడు. నేనెవరికీ ఆదర్శం కాను, అది తల్లిదండ్రుల పని, బంతి బాగా వేస్తానని మీ పిల్లల్ని నేను పెంచలేను, అని ఆయన మాటల సారం. సాటి ఆటగాడు కార్ల్ మలోన్ ఒప్పుకోలేదు. ఆదర్శంగా ఉంటామా లేదా అన్నది జనం తేలుస్తారు, మంచి ఆదర్శమా చెడ్డదా అన్నది మాత్రమే మన చేతిలో ఉంది అన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. నాకు నవ్వొచ్చేది ఇంకో సంగతికి. బార్క్‌లీ ఆ మాటలు చెప్పింది నైకీ బూట్ల ప్రకటనలో. నన్ను చూసి ఏమీ నేర్చుకోకండి, బూట్లు మాత్రం కొనుక్కోండి!

మనవాళ్ళయితే ముందునుంచీ వేషానికీ మనిషికీ మధ్య గీత చెరుపుకుంటూనే వచ్చారు. పోతనగా, త్యాగయ్యగా, వేమనగా వేసిన చిత్తూరు నాగయ్యను చూస్తే జనం చేతులెత్తి మొక్కేవారు. ఆయన కూడా ఎముక లేని చెయ్యి అనిపించుకునేలా దానాలు చేసి, 1973లో పోయేనాటికి ఇబ్బందుల్లో ఉన్నారు. వేషమే ఆయన్ని మింగిందో, ఆ వేషాల్లో ఆయన తనను చూసుకున్నారో! తిరుపతి వెళ్ళిన యాత్రికుల బస్సులు అటునుంచటే మద్రాసు పోయి, బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావు ఇంటి ముందు ఆగేవి. ఆయన కృష్ణుడితోపాటు రావణుడూ వేశారు, దుర్యోధనుడూ వేశారు. ఆ బస్సుల్లో ఎవరూ ఆ లెక్క తీసినట్టు లేదు. అక్కినేని నాగేశ్వరరావు విప్రనారాయణుడై, తుకారామై థియేటర్లను ఏడిపించారు. ఆయన నాస్తికుడు, దాచుకోనూ లేదు. అయినా ఆయన్ని మోసగాడన్నవాళ్ళు లేరు. కాబట్టి జనానికి తేడా తెలియదని నేననను. తెలుసు, తమకు కావలసినంత మేరకే తెలుసు.

ఆ దయ అందరికీ దక్కలేదు. ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. సావిత్రి పుట్టిన చిర్రావూరు మాకు దగ్గరే. మా ఇంట్లో ఆమెది ‘మనమ్మాయి’ అనే వరస. 1953 నాటి ‘దేవదాసు’లో తాగినవాడు నాగేశ్వరరావు, కుమిలిపోయిన పార్వతి సావిత్రి. తెర బయట నాగేశ్వరరావు క్రమశిక్షణకు మారుపేరయ్యారు, తాగుడు సావిత్రి పాలబడింది. ఏడాదిన్నరకు పైగా కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న పోయింది. ఆ కబురు తెలిసిన పూట మా అమ్మ పొయ్యి వెలిగించలేదు. మా మేనత్త మాత్రం ‘ఆడది అట్టా బతికితే అంతే’ అంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా వీధిలో పెళ్ళీడు పిల్లలకు భయం చెప్పాలంటే సావిత్రి పేరే ఎత్తేవారు. అదే శ్రీశ్రీ తన తాగుడు సంగతులు ‘అనంతం’లో తానే రాసుకుంటే, మేం స్టాఫ్‌రూములో ఒకరికొకరం చెప్పుకుని నవ్వుకున్నాం. కవిగారి చేతిలో గ్లాసు చమత్కారం, నటి చేతిలో గ్లాసు పతనం. పేరున్నవాళ్ళు ఆదర్శంగా ఉండాలని ఎవరైనా గట్టిగా అంటే నాకిప్పటికీ ముందు మా మేనత్త గొంతే వినిపిస్తుంది.

‘విజయచిత్ర’లోంచి కత్తిరించిన సావిత్రి బొమ్మ ఒకటి అమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున ఉండేది. ఒకసారి అన్నాను, ‘ఆవిడ అంత తాగేదిగా అమ్మా’ అని. అమ్మ చీర మడత పెడుతూ, తలెత్తకుండానే అంది: ‘నేను ఏడవలేనప్పుడల్లా నా బదులు ఆవిడ ఏడ్చింది. ఆవిడకి కష్టమొస్తే నేనేం చేశాన్రా?’

అప్పటిదాకా నేను బాకీ లెక్కలన్నీ ఒకవైపు నుంచే వేస్తున్నాను. ఆమె మాకేం బాకీ? టికెట్టు డబ్బులకు నటన ఇచ్చింది, కొసరుతో సహా ఇచ్చింది. చెల్లుకు చెల్లు. తన ఇంట్లో, తన దుఃఖంలో ఆమె ఎలా ఉండాలో చెప్పే హక్కు ఆ రూపాయి టికెట్టుతో రాదు.

అలాగని పేరుకు అసలు బాధ్యతే లేదనబోతే నాకు పుల్లెల గోపీచంద్ అడ్డం వస్తాడు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ గెలిచాక మళ్ళీ మనవాళ్ళకు ఆ కప్పు రావడం అదే. మోకాలికి ఆపరేషన్లయిన మనిషి, బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళ మొహం టీవీలో కనిపించడమే అరుదైన రోజులు. అలాంటప్పుడు కూల్‌డ్రింక్ ప్రకటన వెతుక్కుంటూ వస్తే వద్దన్నాడు. అది ఒంటికి మంచిది కాదు కాబట్టి తాను తాగడు, తాను తాగనిదాన్ని ఇంకొకరిని తాగమనడు. అంతే. డబ్బు ఎక్కువై వద్దన్నాడా అంటే, తర్వాత అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టుకున్నాడు. 2008లో గచ్చిబౌలిలో ఆ అకాడమీ మొదలైంది. అక్కడ తయారైన సైనా 2012లో లండన్ ఒలింపిక్స్ నుంచి కాంస్యం, సింధు 2016లో రియో నుంచి రజతం తెచ్చారు. రియో పోటీల ముందు సింధు ఫోను మూడు నెలలపాటు ఆయన దగ్గరే ఉంది, ఐస్‌క్రీమూ బంద్. ఇంత కఠినమైన మాస్టారుగా నేనెన్నడూ లేను.

మంచివాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. గోపీచంద్ దగ్గర నేను ఆగిపోయేది ఆయన గీత గీసిన చోటు చూసి. నన్ను చూసి బతకండి అని ఆయన ఎక్కడా అనలేదు. తన మొహాన్ని అద్దెకివ్వనన్నాడు, అంతవరకే. సావిత్రి తాగి తన ఒళ్ళు గుల్ల చేసుకుంది. తాను ముట్టని సరుకును నవ్వుతూ చేత్తో పట్టుకుని చూపించేవాడు ఇంకొకరి ఒళ్ళు గుల్ల చేసి డబ్బు తీసుకుంటాడు. రెండూ ఒక ఖాతాలో రాయకూడదని నాకనిపిస్తుంది. పేరు వచ్చినంత మాత్రాన ఎవరూ ఎవరికీ బాకీ పడరు. ఆ పేరును తూకానికి పెట్టిన రోజున పడతారు. బార్క్‌లీ కూడా బూట్లు లేకుండా ఆ మాట చెప్పి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి.

చట్టమూ ఇంచుమించు అక్కడికే వచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం నటుడి నడత ఊసెత్తదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపిస్తే 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా అంటుంది. చెప్పే ముందు నిజానిజాలు విచారించుకున్నానని చూపించగలిగితే వదిలేస్తుంది. 2021లో అమితాబ్ బచ్చన్ ఒక పాన్‌మసాలా ప్రకటన నుంచి తప్పుకున్నారు, 2022లో అక్షయ్ కుమార్ అలాంటిదాన్నుంచే తప్పుకుని అభిమానులకు క్షమాపణ చెప్పారు. చట్టం కంటే అభిమానుల ముఖం చూడలేకపోవడమే గట్టిగా పనిచేసిందేమో.

మా వీధి చివర పంచరు షాపు కుర్రాడికి మాత్రం చట్టం అందలేదు. ఫోనులో క్రికెట్ పందేల యాప్. ముందు బండి పోయింది, తర్వాత అక్క పెళ్ళికి దాచిన బంగారం. ఎందుకు నమ్మావురా అంటే ‘ఆ అన్న చెప్పాడుగా మాస్టారూ, సేఫ్ అనుకున్నా’ అన్నాడు. ఆ అన్న మొహం వాడి ఫోనులో చూశాను. వాడి పేరు కూడా తెలియని అన్న. 2025లో తెలంగాణ పోలీసులు ఇలాంటి యాప్‌లకు ప్రచారం చేసినవాళ్ళ మీద కేసులు పెట్టారు, ఆ ఆగస్టులోనే డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. కుర్రాడి బంగారం మాత్రం తిరిగి రాలేదు. వాడు మోసపోయిన దానికంటే ‘అన్న’ అనడం నన్ను ఎక్కువ తినేసింది. వరస కలిపితే మన దగ్గర పెళ్ళి ఖర్చుల్లో చెయ్యి వెయ్యాలి, చావుకు పాడె మొయ్యాలి. డబ్బు తీసుకుని ఇంటింటికీ అన్న అయినవాడు ఆ పెళ్ళికి రాడు.

గీత ఇంత బాగా గీసుకున్నానా, చింతచెట్టు మాత్రం నన్ను వదల్లేదు. అక్కడ నేనేమీ అమ్మలేదు. నా లెక్క ప్రకారం ఆ పిల్లవాడికి నేను బాకీ లేను. మరి ఎందుకు దాక్కున్నట్టు? దొంగతనం అనేది మా ఆవిడ. నాకు ఇంకోటి తోస్తుంది. లుంగీ ఎగ్గట్టి నడుస్తుంటే పెద్దవాళ్ళు ఎదురవుతారు. చెయ్యి దానంతటదే పోయి మడత దించేస్తుంది. దానికి జీతమివ్వరు, దించకపోతే కేసూ పెట్టరు. చిన్నవాళ్ళు ఎదురైనప్పుడు కూడా చెయ్యి అలా పోతుందేమో కొందరికి. అందరికీ పోవాలని ఆజ్ఞ వెయ్యలేను. పోతే బాగుంటుందని మాత్రం అనుకుంటాను, హీరోకైనా మాస్టారికైనా.

సిగరెట్ మానేసి పన్నెండేళ్ళయింది. ఏ హీరో చెప్పీ కాదు, దగ్గు చెప్పింది.

మొన్న కటింగ్ షాపుకు వెళితే ఆ గేదెల కుర్రాడు కొడుకుని తీసుకొచ్చాడు. ఇప్పుడు వాడికి రెండు లారీలు, కాస్త పొట్ట. కొడుకు కుర్చీ ఎక్కి కుడివైపు బొమ్మ చూపించాడు. మంగలి వాడి తల ఇటూ అటూ తిప్పి చూసి ‘నీకు రెండు సుళ్ళు బాబూ, జుట్టు అట్టా పడుకోదు. రెండు పెళ్ళిళ్ళు కావాలంటే చెప్పు, అవి చేస్తా’ అని నవ్వించి కత్తెర తీశాడు. పిల్లవాడు అద్దంలో తన నడినెత్తి కనబడుతుందేమోనని మెడ తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఇన్నేళ్ళకు ధైర్యం చేసి వాళ్ళ నాన్నను అడిగాను, కాలవ గట్టు మీద ఆ సాయంత్రం గుర్తుందా అని.

‘మీరు సిగరెట్ కాల్చేవాళ్ళా మాస్టారూ?’ అన్నాడు.

నిజంగానే మర్చిపోయాడో, లుంగీ దించాడో తెలియలేదు.