జీతం వదిలే ముందు

వందన ముగిశాక ఒక ఉపాసకుడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా" అన్నాడు. వయసు 52. ఇళ్ల అప్పులిచ్చే ఒక ప్రైవేటు కంపెనీ లీగల్ విభాగంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. నాలాగే లా చదివాడు. ఇప్పుడు న్యాయవాదిగా నమోదై సొంతంగా ప్రాక్టీసు పెట్టాలని కోరిక.

చట్టం సంగతి తేలిగ్గానే చెప్పాను. 45 ఏళ్లు దాటినవారిని న్యాయవాదులుగా చేర్చుకోరాదన్న బార్ కౌన్సిల్ నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టేసింది. పూర్తికాలపు జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయడం మాత్రం కుదరదు.

అసలు కష్టం వేరే. అతని పని నోటీసులు పంపడం. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువు. బాకీదారు అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. ఇస్తే 15 రోజుల్లో కంపెనీ జవాబు చెప్పాలి. ఇంగ్లీషు నోటీసు అందుకున్న తాపీమేస్త్రీకి ఆ సంగతి ఎవరు చెబుతారు? "నేను రాసింది నేనే వెళ్లి తెలుగులో చదివి చెప్పాలనిపిస్తుంది" అన్నాడు.

బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న వ్యాపారాలు ఐదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. అప్పు వసూలు అందులో లేదు. లేదు కదా అని ఇరవై ఏళ్లు సరిపెట్టుకున్నాడు.

అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థుని నాలుగు సుఖాలు చెప్పాడు: న్యాయంగా ఆర్జించినది కలిగి ఉండడం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, నింద లేకుండా బతకడం. చివరిదే మిన్న అన్నాడు. మన మిత్రుడు దాన్నే పట్టుకున్నాడు. నేను మూడోదాన్ని గుర్తు చేశాను. అనాథపిండికుడు శ్రేష్ఠి, ఇతనికి ఇంటి అప్పు ఇంకా రెండేళ్లుంది (అదీ అలాంటి కంపెనీదే!), కూతురు ఇంజనీరింగ్ మూడో ఏడు.

అతని భార్య సూటిగా అడిగింది: "అన్నయ్యా, ఒకప్పుడు మాకు ఇల్లు అద్దెకిచ్చింది ఈ కంపెనీ కార్డు చూసే. రేపు బోర్డు పెడితే, కులం తెలిశాక ఎవరొస్తారు?"

ఆ భయం ఊహ కాదు. బాబాసాహెబ్ 1917లో ఉండడానికి చోటు దొరక్క బరోడా కొలువు విడిచారు. బొంబాయిలో షేర్ల మీద సలహాలిచ్చే సంస్థ పెడితే, ఆయన అంటరాని కులస్థుడని తెలిసి వచ్చేవాళ్లు మానేశారు. అది మూతపడింది. న్యాయవాద వృత్తి మొదలైంది 1923లో. మొదటి కథ దాచి రెండోదే చెప్పి మనవాళ్లను ఉత్సాహపరచడం నాకు నచ్చదు.

అప్పు తీరేదాకా ఆగమన్నాను. చెప్పాక నాకే మింగుడుపడలేదు. ఆ రెండేళ్లలో అతని సంతకంతో ఎన్ని గడపలకు నోటీసులు వెళతాయి? ఇంట్లో చెప్పకుండా రాజీనామా ఇచ్చి శీలం నిలుపుకున్నామనుకునేవాళ్లను చూశాను; అదీ స్వార్థమే. కానీ నా సలహాలో ఆ గడపల వాళ్లు లెక్కకే రాలేదు.

పోయిన ఆదివారం అతనే వచ్చాడు. నోటీసుల పని నుంచి దస్తావేజులు చూసే పనికి మార్చమని అడిగాడట. జీతం తగ్గుతుంది, ఒప్పుకున్నాడు. ఆదివారాలు విహారం వరండాలో కూర్చుని, ఎవరైనా నోటీసు తెస్తే ఊరికే చదివి చెబుతున్నాడు. తన కంపెనీ నోటీసైతే నా బల్ల చూపిస్తాడు. చెల్లెమ్మ ఖర్చుల పుస్తకం మొదలుపెట్టింది. జీతం తగ్గినా అప్పు 22 నెలల్లో తీరుతుందని ఆమె లెక్క. 18కి తేవాలని ఇతని పట్టు.