చిన్నవారి మాట, అందరి సొమ్ము



కేరళ తీరాన తుంబా అనే మత్స్యకారుల గ్రామంలో మగ్దలా మరియమ్మగారి పేర ఒక దేవాలయం ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ ఆ ఊరికి దగ్గరగా పోతుంది గనుక, రాకెట్లు ప్రయోగించడానికి అది అనువైన చోటని 1960వ దశకం ఆరంభంలో డాక్టర్ విక్రమ్ సారాభాయిగారు గుర్తించారు. స్థలం కోసం ఆయన అప్పటి పీఠాధిపతులు పీటర్ బెర్నార్డ్ పెరీరాగారిని ఆశ్రయించారు. పీఠాధిపతులు ఆ సంగతిని తమ గదిలోనే తేల్చివేయక, ఆదివారం పూజకు వచ్చిన ప్రజల ముందు ఉంచారని అబ్దుల్ కలాంగారు రాశారు. ప్రజలు సమ్మతించారు. 1963 నవంబరు 21న తొలి రాకెట్టు ఆ తీరం నుండి పైకి లేచింది. ఆ దేవాలయమే ఇప్పుడు అంతరిక్ష ప్రదర్శనశాల.

ఇది గర్వపడవలసిన కథే. కాని నన్ను ఆలోచింపజేసేది గర్వం కాదు, ఆ అడగడం. అంతరిక్షం వంటి పెద్ద పనిలో చిన్నవారిని అడగవలసిన అవసరమేమిటి? అడిగితే, వారి మాటకు ఎంత బరువు ఇవ్వాలి?

నేడు ఈ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. 2020లో కేంద్ర ప్రభుత్వం అంతరిక్ష రంగం తలుపులు ప్రైవేటు సంస్థలకు తెరిచి, వాటికి అనుమతులూ తోడ్పాటూ ఇవ్వడానికి ఇన్‌స్పేస్ అనే సంస్థను నెలకొల్పింది. 2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ తన చిన్న రాకెట్టును శ్రీహరికోట నుండి ప్రయోగించింది. 2023లో జాతీయ అంతరిక్ష విధానం వెలువడింది. 2025లో ఇన్‌స్పేస్ 500 కోట్ల రూపాయల సాంకేతిక నిధిని ప్రకటించింది. ఒక కొత్త పరికరం తయారుచేయడానికి అయ్యే ఖర్చులో చిన్న సంస్థలకు 60 శాతం వరకు, పెద్ద సంస్థలకు 40 శాతం వరకు ఈ నిధి భరిస్తుంది. ఇదంతా ప్రజల సొమ్ము. సబ్బుబిళ్ళ కొన్న కూలితల్లి కట్టిన పన్ను కూడా అందులో ఉంది.

ఏ పరిశోధనకు సొమ్ము ఇవ్వాలి? షరతులు ఎలా ఉండాలి? ఈ విషయాలలో చిన్న పరిశ్రమల వారిని కూడా సంప్రదించాలని కొందరంటారు. సొమ్ము పుచ్చుకునేవాడే దానిని ఎలా పంచాలో చెప్పడం ఏమి న్యాయమని మరికొందరు అడుగుతారు. రెండు మాటలలోనూ నిజం ఉంది.

మొదటి మాట చూద్దాం. బాలానగర్‌లో నాలుగు యంత్రాలు, పదిమంది పనివారు గల ఒక యజమానిని ఊహించుకోండి. రాకెట్టులో అమర్చే లోహపు భాగాన్ని వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కడం అతనికి తెలుసు. ఆ భాగాన్ని కంపనానికి, వేడికి, శూన్యానికి గురిచేసి పరీక్షించే యంత్రాలు కొనే స్తోమత అతనికి లేదు. టెండరులో అడిగే గత అనుభవం, వార్షిక వ్యాపారం అతని దగ్గర లేవు. సరుకు అందుకున్నవారు 45 రోజులలోగా సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే అడ్డుపడేది పనివారి జీతం. ఎక్కడ నొప్పి పుడుతున్నదో అతనికే తెలుసు. అతనిని అడగకుండా కూర్చిన పథకం కాగితం మీద బాగుంటుంది, కార్ఖానాలో పనికిరాదు.

అతని గొంతు దానంతట అది పైకి వినబడదు. 2021 అక్టోబరులో భారత అంతరిక్ష సంఘం ఏర్పడినప్పుడు ఎల్ అండ్ టి, భారతీ ఎయిర్‌టెల్ వంటి పెద్ద సంస్థలు వ్యవస్థాపక సభ్యులలో ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. అయితే ఢిల్లీకి మనుషులను పంపగలిగినవాడి కష్టం త్వరగా తెలుస్తుంది, పంపలేనివాడి కష్టం ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక రెండవ మాట. కొన్నేళ్ళ క్రితం మా విచారణలో దేవాలయం పైకప్పు కారుతుంటే సలహా మండలి సమావేశమైంది. సభ్యులలో ఒకరు మేస్త్రీ. నీరు ఎక్కడ దిగుతున్నదో, ఏ పని దండగో ఆయన చెప్పినంత వివరంగా ఎవరూ చెప్పలేకపోయారు. పని ఎవరికివ్వాలనే చర్చ రాగానే ఆయన లేచి, “నేను కూడా ధర రాసి ఇస్తాను, అందుచేత ఇక్కడ ఉండకూడదు” అని బయటి అరుగు మీద కూర్చున్నారు. పని మరొకరికి దక్కింది. ఆయన నొచ్చుకోలేదు.

నాకు ఆ అరుగే సమాధానంగా తోస్తున్నది. తెలిసినవాడు సాక్షిగా రావాలి, తన వ్యాజ్యంలో తానే తీర్పరి కాకూడదు. చిన్న సంస్థలు అవసరం చెప్పాలి, అడ్డంకి చెప్పాలి. సొమ్ము ఎవరికో నిర్ణయించేటప్పుడు పక్కకు తప్పుకోవాలి. వారు ఏమి సలహా ఇచ్చారో, అందులో వారికి గల లాభమేమిటో పదిమందికీ తెలియాలి. చిన్నతనం దానికదే పుణ్యం కాదు. పెద్దవానికి ఉన్న ఆశ చిన్నవానికీ ఉంటుంది.

కింది వారు చేయగల పనిని పైవారు లాగుకోవడం అన్యాయమని 1931లో 11వ భక్తినాథ జగద్గురువులు తమ విశ్వలేఖలో బోధించారు. చిన్న పరిశ్రమలకు చోటు కావాలనడానికి ఇది బలమైన ఆధారం. అయితే శ్రీసభ ఈ బోధనను సర్వజన శ్రేయస్సు అనే బోధనతో కలిపే చెబుతుంది. ఒకటి పట్టుకొని రెండవది విడిచిపెడితే స్వార్థానికి నీతి తొడుగు తొడిగినట్లే.

అందుకే మరో కుర్చీని గూర్చి కూడా అడగాలి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహాల సహాయంతో నీటి వేడిమిని, రంగును గమనించి, చేపలు దొరికే తావులను మత్స్యకారులకు తెలియజేస్తుంది. అటువంటి పరిశోధనకు ఎంత ఇవ్వాలో చెప్పేటప్పుడు ఆ వల వేసేవానిని ఎవరు అడుగుతున్నారు? శ్రీహరికోట దీవిలో తరతరాలుగా బతికిన యానాదులలో అనేకులు రాకెట్టు కేంద్రం రావడంతో తమ తావులు విడవవలసి వచ్చింది. వారి వంతు మాట ఎవరు చెబుతారు? వీరికి ధర రాసి ఇచ్చే పని లేదు. లాభం ఆశించని సాక్షులు కనుక వారి మాటకు మరింత విలువ ఉండాలి.

చిన్న యజమానులు తమకు కుర్చీ అడగడం న్యాయమే. ఆ కుర్చీ దొరికిన నాడు, తమకంటే చిన్నవానికి పక్కన కాస్త చోటు ఇస్తారా అన్నదే వారికి పరీక్ష. తుంబాలో ఆ ఆదివారం నిర్ణయం చెప్పినవారు వ్యాపారులు కారు, వలలు భుజాన వేసుకునేవారు. వారిని అడిగినందువల్ల దేశానికి నష్టమేమీ కలుగలేదు.

మీ విచారణలో, మీ పంచాయతీలో ఈసారి అందరి సొమ్ము విషయం చర్చకు వచ్చినప్పుడు ఒక్కసారి చుట్టూ చూడండి: ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరు లేచి అరుగు మీదకు వెళ్ళాలి? ఎవరిని లోపలికి పిలవాలి?