వచ్చేసరికి నానుతుంది

శామ్ మూట అడుగున ఒక బల్లపరుపు చెక్క డబ్బా ఉంటుంది. అందులో ఉప్పు. రోజురోజుకీ తరిగిపోతున్న ఆ కాస్త ఉప్పునీ అతను నిధిలా దాచుకుంటాడు.

టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో చెయ్యాల్సిన పని చాలా పెద్దది. లోకాన్నంతా లొంగదీసుకునే ఉంగరాన్ని, అది తయారైన అగ్నిపర్వతంలోనే పారేసి రావాలి. ఆ బరువు మెడలో వేసుకున్నవాడు ఫ్రోడో. శామ్ అతని ఇంటి తోటమాలి. ఆ పనికోసం రివెండెల్ అనే చోటు నుంచి తొమ్మిదిమంది బయలుదేరిన రోజున ఒకరి దగ్గర కత్తి ఉంది, ఒకరి దగ్గర విల్లు ఉంది, ఒకరి దగ్గర మంత్రదండం ఉంది. శామ్ మాత్రం మూట సర్దుకుంటూ తనలో తను లెక్క చెప్పుకుంటాడు. వంటగిన్నెలు, ఉప్పు, చెకుముకి రాయి, మేజోళ్ళు. వాటితోపాటు యజమాని మరిచిపోయిన చిల్లర సామాన్లు కొన్ని. దారిలో ఎప్పుడో ఫ్రోడో వాటికోసం వెతుక్కుంటాడు, అప్పుడు తీసి చూపించవచ్చని ముందే పెట్టుకున్నాడు. అంతా సర్దాక తాడు లేదని గుర్తొచ్చి బాధపడతాడు.

కాలేజీ రోజుల్లో ఈ పుస్తకం మొదటిసారి చదివినప్పుడు ఈ పేజీలు తిప్పేశాను. నాకు యుద్ధాలు కావాలి. ఎవరెప్పుడు వంట చేశారు, ఎవరి దగ్గర ఎన్ని రొట్టెలు మిగిలాయి అన్నది కథకి అడ్డంగా కనిపించింది. రెండోసారి చదివింది ఇరవై ఏళ్ళ తర్వాత, డయాలసిస్ వార్డు బయట ఇనప కుర్చీలో. ఈసారి యుద్ధాలు తిప్పేసి వంటలు చదివాను.

మా నాన్నకి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు. మా ఊరి నుంచి పట్నానికి బస్సులో గంటన్నర. నాలుగేళ్ళు అలా గడిచాయి. ప్రతిసారీ వెంట వెళ్ళింది అమ్మ. నేను సెలవు పెట్టి వచ్చినప్పుడు ముగ్గురం వెళ్ళేవాళ్ళం.

అమ్మ చేతిలో జిప్పు పాడైన రెగ్జిన్ బ్యాగు ఉండేది. మెషీన్ మీద ఉన్నప్పుడు నాన్నకి చలేసేది, అందుకని దుప్పటి. రిపోర్టుల ఫైలు, తువ్వాలు, బస్సుకి చిల్లర. ఒక నీళ్ళ సీసా, దాని మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో అడ్డంగా గీసిన గీత. రోజు మొత్తానికి ఆ గీత వరకే నీళ్ళు. ఇవికాక నాన్న మరిచిపోయే సామాన్లన్నీ ఒక పక్క అరలో. “నా కళ్ళజోడు గుడ్డ తెచ్చావా?” అని ఆయన అడగడం, ఆమె మాట్లాడకుండా తీసి చేతిలో పెట్టడం. అప్పుడు ఆమె ముఖంలో చిన్న గెలుపు కనిపించేది. శామ్ ముఖం ఎలా ఉంటుందో నాకు అక్కడ తెలిసింది.

అయితే అమ్మ చేసినవాటిలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఇంకొకటి. ఆసుపత్రికి వెళ్ళేరోజు తెల్లవారుజామున ఆరు గంటల బస్సుకి బయలుదేరేముందు, చెప్పులు వేసుకునే లోపల, గ్లాసుడు మినప్పప్పు కడిగి నానబోసేది. ఎండాకాలమైతే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేది. “ఇప్పుడెందుకమ్మా, బస్సు పోతుంది” అంటే ఆమె చెప్పే జవాబు ఒకటే. “మనం వచ్చేసరికి నానుతుంది.”

*

ఫ్రోడో, శామ్ ఇద్దరే మిగిలి బురద నేలల అంచున నడుస్తున్నప్పుడు ఒక సన్నివేశం వస్తుంది. శామ్ తిండి లెక్కపెడుతున్నాడు. ఉన్న రొట్టెలు పొదుపుగా వాడితే మూడు వారాలు వస్తాయి. పని అయ్యాక తిరిగి రావాలి కదా, దానికెలా అని అతని ఆలోచన. ఫ్రోడో మెల్లగా చెబుతాడు, పని పూర్తవుతుందన్న ఆశే తనకి సరిగ్గా లేదని, ఆ తర్వాత సంగతి ఆలోచించాల్సిన అవసరం ఉండకపోవచ్చని. శామ్ ఏమీ వాదించడు. యజమాని చెయ్యి పట్టుకుని తల వంచుతాడు. కన్నీళ్ళు ఆ చేతి మీద పడతాయి. తర్వాత లేచి, ముక్కు తుడుచుకుని, ఈల వెయ్యాలని ప్రయత్నిస్తూ అటూ ఇటూ తిరుగుతాడు.

విచిత్రం ఏమిటంటే, అంత విన్నాక కూడా అతను తిరుగుదారి లెక్క మానడు. మనసులో వేసుకుంటూనే ఉంటాడు.

అక్కడే నాకు తోడు అన్న మాట అర్థమైంది. గమ్యం మీద చూపున్నవాడికి దారి ఒకవైపే సాగుతుంది. ఆ దారికి ఇంకో కొస ఉందనీ, అది ఇంటి గుమ్మం దగ్గర ఆగుతుందనీ గుర్తుంచుకునేవాడు తోడు. పక్కన నడిచేవాళ్ళు చాలామందే ఉండొచ్చు. మనం తిరిగి వచ్చాక ఏం తింటామో ఆలోచించేవాళ్ళు ఒకరో ఇద్దరో.

మన పెద్దవాళ్ళకి ఇది బాగా తెలుసు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు. తిరిగొచ్చే లెక్క లేని ప్రయాణమది. ఆ రోజుల్లోనే ఏనుగుల వీరాస్వామి గారు 1830 మే 18న మద్రాసు నుంచి కాశీయాత్రకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల దారంతా రాసుకుంటూ పోయారు. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ ఊళ్ళో సామాను దొరుకుతుంది, ఇలాంటివన్నీ. దేవుళ్ళ గురించి ఎంత శ్రద్ధగా రాశారో మంచినీళ్ళ గురించీ అంత శ్రద్ధగానే రాశారు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు చూడండి. మణిసిద్ధుడంతటి యతికి కూడా కాశీ వెళ్ళడానికి ఒక తోడు కావలసివచ్చింది. దొరికినవాడు పశువుల కాపరి కుర్రవాడు, అదీ మజిలీకో కథ చెప్పాలన్న షరతు మీద. అన్ని సంపుటాల అద్భుతాలకీ ఆధారం దిగిన చోట పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మనుషులే.

*

ఇథిలియెన్ అడవిలో ఒక పూట శామ్ కుందేటి మాంసం వండుతాడు. కుందేళ్ళని పట్టి తెచ్చింది వాళ్ళకి దారి చూపిస్తున్న గోలమ్. బిర్యానీ ఆకులాంటి ఆకులూ, వాసన వచ్చే మూలికలూ ఆ అడవిలోనే దొరుకుతాయి. ఇన్నాళ్ళూ మోసుకొచ్చిన రెండు చిన్న గిన్నెలకీ ఆ ఉప్పుకీ అప్పటికి పని పడింది. ఫ్రోడో నిద్రపోతుంటే ఆ ముఖంకేసి శామ్ చాలాసేపు చూస్తాడు. తర్వాత ఇద్దరూ ఆ గిన్నెల్లోంచే తింటారు. ఆ పొయ్యి పొగ వల్లే సైనికులు వాళ్ళని కనిపెడతారు. బుద్ధిమంతులు ఎవరైనా ఆ ప్రమాదంలో పొయ్యి వెలిగించవద్దనే అంటారు. కానీ ఆ భోజనం లేకపోతే ముందున్న దారిలో గుర్తు చేసుకోవడానికి వాళ్ళకి ఏమీ ఉండేది కాదు.

నాన్నకి ఉప్పు నిషేధం. ఊరగాయ అసలు కూడదు. ఆదివారం అమ్మ ఆవకాయ జాడీ మూత తీసి, చిటికెన వేలి కొసతో ఊట తాకి, ఆయన నాలుకకి రాసేది. అంతే. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే కూర్చునేవారు. అది తప్పని నేను ఒకసారి గట్టిగానే చెప్పాను. అమ్మ జాడీకి గుడ్డ వాసెన కడుతూ, “మందులన్నీ ఆయన ఒంటికే వేస్తున్నార్రా” అంది. ఆ మాట చాలా రోజులు నా చెవిలో ఉండిపోయింది.

మోర్డార్ ఎడారిలో, అగ్నిపర్వతానికి ఇక కొద్ది దూరం ఉందనగా, శామ్‌కి లెక్క తేలిపోతుంది. ఉన్న తిండి అక్కడిదాకానే. తిరుగుదారికి ఏమీ మిగలదు. అన్నాళ్ళూ కాపాడుకున్న ఆశ అక్కడ ఆరిపోతుంది. ఆ ఆరిపోయిన చోటే అతనికి కొత్త గట్టితనం వస్తుంది. బరువు తగ్గించుకోవడానికి సామాన్లన్నీ పారేయాల్సివచ్చినప్పుడు తన గిన్నెలని నేల నెర్రె దాకా స్వయంగా మోసుకెళ్ళి అందులోకి జారవిడుస్తాడు. అవి లోతుకి పడుతూ చేసిన చప్పుడు అతని గుండెకి చావుగంటలా వినిపిస్తుంది. ఆ కథలో రాజులు చచ్చిపోయిన చోట నాకు కన్నీళ్ళు రాలేదు. ఆ గిన్నెల దగ్గర వచ్చాయి.

ఆ పూటే శామ్ ఫ్రోడోని అడుగుతాడు, ఆ కుందేటి కూర గుర్తుందా అని. ఫ్రోడోకి గుర్తులేదు. తిండి రుచి లేదు, నీటి స్పర్శ లేదు, చెట్టూ పువ్వూ ఏవీ జ్ఞాపకంలో లేవు. ఆ రుచి ఇప్పుడు ఇద్దరి తరఫునా శామ్ ఒక్కడే గుర్తుంచుకోవాలి.

చివరి నెలల్లో నాన్నకి దేని రుచీ తెలిసేది కాదు. ఒకరోజు వార్డులో, మెషీన్ తిరుగుతుండగా, అమ్మ వంగి అడిగింది. “ఏమండీ, పెళ్ళైన కొత్తలో అన్నవరం వెళ్ళాం చూడండి. ఆ ప్రసాదం గుర్తుందా?” ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయారేమో అనుకున్నాం. తర్వాత కళ్ళు తెరవకుండానే అన్నారు. “ఆకు వాసన.” అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు తిరుగు బస్సులో ఆమె దారి పొడుగునా అన్నవరం కబుర్లే చెప్పింది.

*

తిరిగిరావడం కుదరదని తెలిసినప్పుడు కూడా తిరుగుదారి లెక్క ఎందుకు? దీని గురించి చాలా ఆలోచించాను. అది జరగబోయేదానికి జోస్యం అయితే శామ్ లెక్క తప్పు, అమ్మ లెక్కా తప్పు. నాకు ఇప్పుడు తోస్తున్నది, అది ఎదుటి మనిషికి ఇచ్చే మర్యాద. లోకమంతా ఫ్రోడోని ఉంగరం మోసేవాడిగా చూసింది. శామ్‌కి అతను ఇల్లున్న మనిషి. ఆసుపత్రిలో నాన్న ఒక ఫైలు, ఒక మంచం నంబరు. మేం కూడా, ప్రేమ ఉండి కూడా, ఆయన్ని ఒక జబ్బుగా చూడడానికి అలవాటు పడ్డాం. రేపు పొద్దున ఈయన ఇడ్లీ తినాలి అనుకున్న మనిషి దగ్గర మాత్రమే ఆయన పూర్తి మనిషిగా మిగిలారు.

దీనికి ఇంకో వైపు ఉంది, దాన్ని దాచితే తప్పు. శామ్ నౌకరు. మొదటి ప్రపంచయుద్ధంలో టోల్కీన్ 1916లో సోమ్ యుద్ధరంగంలో సిగ్నల్స్ ఆఫీసరుగా పనిచేశారు. 1918 నాటికి ఆయన దగ్గరి స్నేహితుల్లో ఒక్కరు తప్ప అందరూ చనిపోయారు. అక్కడ తను చూసిన మామూలు సిపాయిలూ, ఆఫీసర్లకి సేవ చేసే జవాన్లూ శామ్‌లో ఉన్నారని ఆయనే రాశారు. సేవ చేసేవాడి మంచితనాన్ని పొగడటం సుఖంగా కూర్చున్నవాళ్ళకి తేలిక. మా ఇంట్లోనూ అంతే. నాన్న సీసా మీద ఎర్ర గీత ఉంది. ఆయన ముందు తాగితే ఆయనకి దాహమవుతుందని అమ్మ కూడా నీళ్ళు తాగడం తగ్గించింది. ఆమె ఎన్ని తాగుతోందో చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ నాలుగేళ్ళలో ఆమెకి ఎన్నిసార్లు కళ్ళు తిరిగాయో నాకు తర్వాత తెలిసింది, అదీ పక్కింటావిడ చెబితే.

ఫ్రోడో మాత్రం గుర్తించాడు. శామ్ లేకపోతే తను ఎంతో దూరం వెళ్ళేవాణ్ణి కాదని దారిలోనే అంటాడు. చివరికి సముద్రం దాటి వెళ్ళిపోయేముందు తన ఇల్లూ, తను రాసిన పుస్తకమూ శామ్‌కి ఇస్తాడు. ఆ పుస్తకంలో ఆఖరి పేజీలు శామ్ రాయడానికి ఖాళీగా వదిలేస్తాడు. అన్ని దారులూ వెంట నడిచిన శామ్ ఆ ఓడ మాత్రం ఎక్కలేడు. ఇంటికి తిరిగి వస్తాడు. లోపల దీపం, పొయ్యిలో నిప్పు, సిద్ధంగా ఉన్న భోజనం. భార్య అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి పాపని ఒళ్ళో పెడుతుంది. అంత పెద్ద కథ అక్కడితో ముగుస్తుంది.

నాన్న పోయింది ఒక బుధవారం. అమ్మ ఒక్కతే ఇంట్లోకి వచ్చింది. వంటింట్లో, పొద్దున నానబోసిన పప్పు గిన్నెలో అలాగే ఉంది. ఎవరో పారబోయబోతే అమ్మ ఆపింది. “పారబోయకండి. ఆవుకి పెట్టించండి” అంది. ఆ రోజు ఆమె అన్న మాటల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

మొన్న వేసవిలో అమ్మ కంటికి శుక్లాల ఆపరేషన్. అదే పట్నం, అదే ఆరు గంటల బస్సు. బ్యాగు నేను సర్దాను. అమ్మ మరిచిపోతుందనుకున్నవన్నీ పక్క అరలో పెట్టాను. సీసా నిండా నీళ్ళు పోశాను. బస్సు ఊరు దాటాక చెప్పాను, పప్పు నానబోసి వచ్చానని.

“ఎందుకురా, ఈ హడావిడిలో?”

“మనం వచ్చేసరికి నానుతుందమ్మా.”

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు ఊరుకుంది. తర్వాత నావైపు తిరిగి అడిగింది.

“పప్పు మునిగేదాకా పోశావా నీళ్ళు?”