వెంట నడిచిన కుక్క ఎవరిది?



ఈ వారం వీడియోలో మహాప్రస్థానిక పర్వం చెప్పుకున్నాం. ధర్మరాజు, ఆయన వెంట నడిచిన కుక్క, ఇంద్రుడి రథం... మనందరికీ తెలిసిన కథే. అయితే గోదావరిఖనిలో ఉండి ఈ కథ చెప్తుంటే నాకు ఒక ప్రశ్న అడ్డం పడుతుంది. వీడియోలో టైము చాలలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది సింగరేణి ఊరు. ఇక్కడ ఎంతోమందికి ఇల్లంటే కంపెనీ క్వార్టరే. ఉద్యోగం ఉన్నన్ని రోజులే ఆ ఇల్లు. 61 ఏళ్ళు నిండి దిగిపోయాక సామాను డీసీఎంలో ఎక్కించుకుని ఒకరు కరీంనగర్, ఒకరు హైదరాబాద్, ఒకరు సొంతూరు పోతారు. చుట్టుపక్కల పల్లెల్లో ఓసీపీల కోసం ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అవుతాయి. మంచాలు, బీరువాలు, చివరికి తులసికోట కూడా బండెక్కుతుంది. ఇన్నేళ్ళూ వాకిట్లో పడుకున్న కుక్క మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "అది మా కుక్క కాదండీ, ఊరికే వస్తుండె."

ఈ మాట దగ్గరే కాసేపు ఆగుదాం. మరి ధర్మరాజు వెంట వచ్చిన కుక్క ఎవరిది? ఆయన దాన్ని పెంచాడని భారతంలో లేదు. హస్తినాపురం నుంచి ఐదుగురు అన్నదమ్ములు, ద్రౌపది బయల్దేరితే, ఏడోదిగా అది వెంటపడింది. అంతే. "నాది కాదు" అనడానికి ఆయనకు మనకంటే ఎక్కువ హక్కుంది. కానీ ఆయన ఆ మాట అనలేదు.

ఇంద్రుడు గట్టిగానే వాదించాడు. తమ్ముళ్ళను, భార్యను దారిలో విడిచి వచ్చావు కదా, ఈ కుక్క కోసం ఇంత పట్టుదల ఎందుకన్నాడు. దానికి ధర్మరాజు చెప్పింది మనం తరచూ మర్చిపోతాం. వాళ్ళు చనిపోయారు, బతికించడం నా వల్ల కాలేదు, అందుకే ముందుకు నడిచాను. బతికుండగా వాళ్ళలో ఎవరినీ నేను విడవలేదు అన్నాడు. ఇది బతికుంది, నన్నే నమ్ముకుంది అన్నాడు. అది యమధర్మరాజని ఆయనకు అప్పటికి తెలీదు. తెలిసి పట్టుకుని ఉంటే అందులో పరీక్ష ఏముంది?

అంటే నమ్మకమే ఋణం. కాగితం, గొలుసు, మెడపట్టీ కాదు.

ఇక్కడ ఒక న్యాయమైన అడ్డు ప్రశ్న వస్తుంది. అట్లయితే ఏనాడూ ముద్ద పెట్టనివాడే మేలా? వాడికి ఏ ఋణమూ లేదు కదా! నా సమాధానం ఇది: ముద్ద పెట్టనివాడు అప్పు లేనివాడు, పుణ్యం చేసినవాడు కాదు. ముద్ద పెట్టినవాడు ఒక మంచి పని మొదలుపెట్టాడు. మొదలుపెట్టినదానికి ఒక ముగింపు ఉండాలి, అంతే. ఆ ముగింపు దాన్ని వెంట తీసుకుపోవడమే కానక్కర్లేదు. కొడుకు ఫ్లాటులో ఒక గదిలో సర్దుకునే పెద్దాయన్ను కుక్కను కూడా తెచ్చుకోమనడం తేలిక, చేయడం కష్టం.

మరి ఎక్కడ వదలాలి? హైదరాబాద్‌లో అయితే 1992లో మొదలైన బ్లూ క్రాస్ లాంటి సంస్థలున్నాయి. మాకు అది 200 కిలోమీటర్ల పైమాట. ఆవైతే గోశాల గుర్తొస్తుంది. కుక్కకు, పిల్లికి పల్లెల్లో ఏ తలుపు తట్టాలో తెలీదు. 1962 నంబరు పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువులు, గొర్రెలు, మేకల కోసం వచ్చినవి. 2023 నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించే బాధ్యత మున్సిపాలిటీలు, పంచాయతీలది. అయితే చికిత్స అయ్యాక కుక్కను పట్టుకున్న చోటే మళ్ళీ వదులుతారు. అంటే ఆ ఖాళీ క్వార్టరు ముందే! పెంపుడు జంతువు బాధ్యత మాత్రం యజమానిదే. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకె చూసి ధర్మానికి ధర కట్టకండి.

కుక్కలంటే భయపడేవాళ్ళను నేను తప్పుపట్టను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల ముందు జీవకారుణ్యం గురించి ఉపన్యాసం చెప్పే అర్హత ఎవరికుంది? కానీ పెట్టే చెయ్యి ఒక్కసారిగా మాయమైతే ఆకలితో, టీకా లేకుండా తిరిగే కుక్క ఒకటి వీధిలో పెరుగుతుంది. మనం విడిచిన బాధ్యత పక్కింటి పిల్లల మీద పడుతుంది.

కాబట్టి వెళ్ళేవాళ్ళకు నా విన్నపం. ఆర్డరు చేతికొచ్చిన రోజు నుంచే మొదలుపెట్టండి. పశువైద్యశాలలో అడిగి రేబిస్ టీకా వేయించండి, ఆపరేషన్ ఎక్కడ చేస్తారో కనుక్కోండి. పక్క క్వార్టరు వాళ్ళనో, క్వార్టరులోకి కొత్తగా వచ్చేవాళ్ళనో పిలిచి, మీ ముందే వాళ్ళ చేత్తో నాలుగు రోజులు అన్నం పెట్టించండి. చెప్పకుండా తెల్లవారుజామున బండెక్కి పోకండి. మిగతా మనం కాలనీకి పదిమందిమి కలిస్తే, ఒక షెడ్డు, నీళ్ళ తొట్టి, నెలకు కొంత చందా పెద్ద లెక్క కాదు. వినాయక చవితి పందిరికి వేసుకోవట్లేదా?

కామారెడ్డి జిల్లా ఇసన్నపల్లి వెళ్ళి కాలభైరవుడికి మొక్కుతాం. దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలను నాలుగు వేదాలంటాం. భారతం ఆదిపర్వంలోనే సరమ అనే దేవశుని కథ ఉంది. ఏ తప్పూ చేయని తన బిడ్డను జనమేజయుడి తమ్ముళ్ళు కొడితే, ఎందుకు కొట్టారని నిలదీసింది. జవాబు రాలేదు. అనుకోని భయం మీకు కలుగుతుందని శపించింది. అంత పెద్ద గ్రంథం మొదట్లో ఒక కుక్క అడిగిన ప్రశ్న ఉంది, చివర్లో ఒక మనిషి ఇచ్చిన జవాబు ఉంది. తాళం వేసిన క్వార్టరు ముందు కూర్చున్న కుక్క అడిగేదీ అదే ప్రశ్న. జవాబు మనం చెప్పాలి.

శుభం.