పిలవడం నేర్చుకున్న హవల్దారు

మొన్నొక శనివారం నగరి కరియమాణిక్య స్వామి గుడిలో దర్శనం చేసుకుని మండపంలో కూర్చున్నాం. పక్కన మా వీధి హవల్దారు. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో పనిచేసి ఊరు చేరినవాడు. ఉన్నట్టుండి అడిగాడు: “సామీ, ఆ ఏనుగు వెయ్యేండ్లు ఎందుకు కొట్లాడినట్టు? మొదట్లోనే పిలిచింటే సరిపోయేది గదా?”

ఆ ప్రశ్న ఆ గుడిలో అడగదగ్గదే. గజేంద్రుణ్ణి పట్టిన మకరిని శ్రీహరి సంహరించింది ఇక్కడేనని మా ఊరి స్థలపురాణం. నా దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది, చెప్పేశాను. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. అగస్త్యుడు వస్తే లేచి మర్యాద చేయలేదు, శాపం తగిలింది. ఏనుగైనా ఆ రాజరికం వదల్లేదు, తన బలాన్నే నమ్ముకుంది. అహంకారం కరగడానికి వెయ్యేళ్లు పట్టింది. హవల్దారు తల ఊపాడు గానీ ఒప్పుకున్నట్టు కనిపించలేదు. ఎందుకో తెలియాలంటే అతని బుల్లెట్ బండి సంగతి చెప్పాలి.

అతనిది మగ్గాల ఇల్లు. నగరిలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాడికి ఆ చప్పుడు వినిపించదు. ఒక పోగు తెగి మగ్గం నిలిస్తేనే చెవికి తెలుస్తుంది. పింఛను తీసుకుని వచ్చాక అతని ఇంట్లో అలాంటి నిశ్శబ్దమే పడింది. సైన్యంలో ప్రతి జవానుకూ ఒక బడ్డీ ఉంటాడు. నీళ్లయిపోతే, కాలు బెణికితే, ఇంటి నుంచి చెడు కబురొస్తే నోరు విప్పి చెప్పాల్సిన పనిలేదు, పక్కవాడు ముందే చూసుకుంటాడు. ఇక్కడ అలా చూసేవాళ్లెవరు? భార్యా బిడ్డలు ప్రేమించేవాళ్లే. కానీ ఇన్నేళ్లూ అతను లేకుండా బతకడం అలవాటు చేసుకున్నవాళ్లు.

ఆ రోజుల్లోనే 1978 మోడల్ బుల్లెట్ కొన్నాడు. “నాకంటే రెండేండ్లు పెద్దది సామీ” అని మురిసిపోయాడు. ఆ బండికీ సైన్యానికీ చుట్టరికం పాతది. ఇంగ్లండులోని రెడిచ్‌లో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్‌కు మొదటి నుంచీ ఫిరంగే గుర్తు. తుపాకీలా తయారైన బండి అని వాళ్లు చెప్పుకొనేవారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సరిహద్దు గస్తీకి మన సైన్యం బుల్లెట్లు కోరడం వల్లే 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, తిరువొత్తియూరులో కర్మాగారం లేచింది. అక్కడ పుట్టిన బండ్లెన్నో తిరుత్తణి, నగరి, పుత్తూరు దారినే తిరుపతికి వెళ్లి పూజ చేయించుకుని ఉంటాయి.

పాత బుల్లెట్‌ను లేపడం కూడా ఒక పూజావిధానమే అనిపిస్తుంది నాకు. పెట్రోల్ ట్యాప్ తెరవాలి. కార్బురేటర్ మీది చిన్న మీట నొక్కి పెట్రోలు చెమర్చేదాకా ఆగాలి. తాళం తిప్పి కిక్కును మెల్లగా అదుముతుంటే ఆమ్మీటరు ముల్లు ఒక పక్కకు వాలి, ఒకచోట మధ్యకు వచ్చి నిలుస్తుంది. అక్కడ డీకంప్రెషర్ మీట పట్టుకుని ఇంకొక్క రవ్వ కిందికి దించి, మీట వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒకే ఒక్క తొక్కు. ముల్లు మధ్యకు రాకముందే తొందరపడితే కిక్కు ఎదురు తంతుంది. అలా తన్నించుకుని, విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకున్నవాళ్లు హవల్దారు చేరిన బృందంలో ఇద్దరున్నారు.

ఆ బృందానికి పేరూ జెండా లేవు. నగరి, పుత్తూరు, తిరుత్తణి వైపుల నుంచి పాత బుల్లెట్లు, జావాలు, యెజ్డీలు ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున ఒక టీకొట్టు దగ్గర చేరతారు. మగ్గాల యజమాని, లారీ డ్రైవరు, బడిపంతులు, డెబ్భై దాటిన ఒక మెకానిక్ పెద్దాయన. సగం తెలుగు, సగం తమిళం. హోదా ఎవరూ అడగరు. చేరిన కొత్తలో హవల్దారుకు అదే కష్టమైంది. ఎవరికి సెల్యూట్ కొట్టాలో తెలియని చోట ఎలా నిలబడాలో అతనికి తెలియలేదు.

ఒక రాత్రి తడుకుపేట దాటాక బండి నిలిచిపోయింది. జేబులో ఫోనుంది, అందులో పదిమంది నంబర్లున్నాయి. ఎవరికీ చేయలేదు. నూటయాభై కిలోలకు పైబడిన ఆ ఇనుమును నగరి దాకా నెట్టుకుంటూ వచ్చాడు. మరుసటి ఆదివారం ఆ సంగతి గొప్పగా చెప్పబోతే మెకానిక్ పెద్దాయన టీగ్లాసు కింద పెట్టి, “బండి నిలిచిపోవడం తప్పు గాదు నైనా. మాకు చెప్పకపోవడమే తప్పు. మమ్మల్ని పరాయోళ్లను చేసినావు” అన్నాడు.

నేను ఆ మాట విన్నప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. మన వైష్ణవాచార్యులు శరణాగతికి ఆరు అంగాలు చెప్పారు. అందులో ఒకటి గోప్తృత్వ వరణం. నన్ను కాపాడు అని నోరు తెరిచి కోరడం. సర్వం తెలిసిన స్వామికి మళ్లీ చెప్పడం ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయనకు తెలియక కాదు. అడిగినప్పుడే మనం ఆయనవాళ్లమవుతాం. మరొక అంగం కార్పణ్యం, నా వల్ల కాదని ఒప్పుకోవడం. యుద్ధానికి తయారైన మనిషికి ఈ రెండూ ఎంత బరువో, ఆ బండిని నెట్టిన దూరమే చెబుతుంది.

రెండోసారి బండి ఆగింది వానలో, పుత్తూరుకు ఇవతల. ఈసారి ఫోన్ చేశాడు. అవతలి నుంచి ముందుగా ప్రశ్నలే వచ్చాయట. ట్యాంకులో పెట్రోలుందా? ప్లగ్గు తీసి చూసినావా, ఏం రంగులో ఉంది? పాయింట్ల దగ్గర నిప్పురవ్వ ఎట్లా ఉంది? అన్నీ చూసే ఉన్నాడు, అన్నిటికీ జవాబిచ్చాడు. అరగంటలో నలుగురు వచ్చారు. డ్రైవరు చేతికి ఇంకా సాంబారు వాసన ఉంది; అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. గజేంద్రుడి పిలుపు వినగానే ఎవరికీ చెప్పక, ఆయుధాలైనా అందుకోక హరి బయలుదేరాడని పోతన మనకు చూపిన తొందర నాకు గుర్తొచ్చింది. వాళ్లు వెదుక్కోలేదు, తడుముకోలేదు. కావాల్సిన కండెన్సరు ఒక్కటే తెచ్చారు. పది నిమిషాల్లో బండి పలికింది.

ఆ శనివారం మండపంలో నా జవాబు విన్నాక అతను చాలాసేపు స్వామి వైపే చూస్తూ కూర్చున్నాడు. తన ప్రశ్నకు తనే జవాబు చెప్పాడు.

“వెయ్యేండ్లు దండగ గాదులే సామీ. ఏనుగు అట్లా లాగి లాగి చూసింది గాబట్టే తన వల్ల ఏమవుతుందో, ఏం కాదో దానికి తెలిసింది. అప్పుడు పిలిచింది. ఆ పిలుపులో ఒక్క మాట ఎక్కువ లేదు.”

నేను సిద్ధంగా ఉంచుకున్న జవాబులో ఏనుగు మీద కాస్త చిన్నచూపు ఉందని అప్పుడు తెలిసింది. అతను దాని పక్కన నిలబడి మాట్లాడాడు.

బయటికొచ్చాం. ప్రసాదం పొట్లం నా చేతికిచ్చి, బండి మీదికి వంగి కిక్కును మెల్లగా అదిమాడు. ముల్లు మధ్యకు వచ్చేదాకా ఆగాడు.